నా పేరు తీసేయమని ఎవరన్నారు?

కోరుట్ల,
సెప్టెంబరు 4, 2025.

పుష్పకు,

క్షేమం అడగను. నువ్వూ అడగకు. అడిగే అలవాటు ఉన్న మనిషివైతే అడగవలసినప్పుడే అడిగేదానివి.

నిన్న జగిత్యాల నుంచి సాయమ్మ వచ్చింది. భర్త పోయి ఇద్దత్‌లో ఉన్నాను కాబట్టి నేను గడప దాటను. వచ్చిన ఆడవాళ్ళతో కూర్చొని మాట్లాడతాను. బత్తాయిలు తెచ్చి, నా మంచం అంచున కూర్చొని, మాటల్లో మాటగా, “శ్రీలతకు మంచు బూట్లు దొర్కినయక్కా” అంది. శ్రీలతకు మంచు బూట్లెందుకు అన్నాను. అప్పుడు సాయమ్మ ముఖం చూడవలసింది. ఉద్యోగమంతా నర్సుగా చేసి ఎన్ని ఇళ్ళలో ఎన్ని చెడ్డ కబుర్లు చెప్పిందో, ఈ ఒక్క మాట చెప్పలేక నీళ్ళు నమిలింది. “నీ జాగల గామె వస్తదటక్కా. పుష్ప నీకు చెప్పలేదా?”

చెప్పలేదు.

విషయం వరుసగా రాస్తాను. నార్వే పోయి ధ్రువకాంతి చూద్దామన్నది నేను. సాంఘికశాస్త్రం పాఠంలో ఏటా దాన్ని బోర్డు మీద ఆకుపచ్చ సుద్దముక్కతో గీసింది నేను. తేదీలు కుదిర్చింది నేను: మేడారం జాతర, షబే బరాత్ దాటాలి; శివరాత్రి, రంజాన్ మొదలు కాకూడదు; వెన్నెల తగ్గుతూ ఉండాలి. వీటన్నిటి మధ్య ఫిబ్రవరిలో ఒక్క వారం దొరికింది. ఆడవాళ్ళను మాత్రమే తీసుకుపోయే ఆ హైదరాబాద్ కంపెనీని వెతికింది నేను. ముగ్గురి పేర్లూ నీ ఫోన్ నుంచి పంపనిచ్చింది కూడా నేనే. అందులోనే దెబ్బతిన్నాను.

జూలైలో యూసుఫ్ పోయాడు. మూడో రోజు నువ్వు వచ్చి పొద్దుగూకేదాకా నా పక్కన కూర్చున్నావు. ప్రయాణం ఊసెత్తలేదు. అది మర్యాద. తరువాత సిరిసిల్ల పోయి నా పేరు తీసేసి మీ అక్క బిడ్డ శ్రీలత పేరు పెట్టావు. ఇది ఏ మర్యాద?

ఫోన్ చేయకు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, ఏదీ తేలదు. రాసి పంపు.

తాహెరాబీ

———

సిరిసిల్ల,
సెప్టెంబరు 9.

తాహెరక్కకు పుష్ప నమస్కరించి రాయునది,

అక్కా, నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. ఇంత కోపం వస్తుందని నేననుకోలేదు. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను.

మా అత్తమ్మ పోయినప్పుడు ఏడాది తిరిగేదాకా మేము ఏ పండుగా చేసుకోలేదు. బతుకమ్మ ఆడలేదు. వేములవాడ ఇంత దగ్గరుండీ రాజన్న గుడి మెట్లెక్కలేదు. మా చిన్నాయన కొడుకు పెళ్ళికి పందిరి బయట నిలబడి వచ్చేశాను. నీకూ అంతే కదా అనుకున్నాను. మీకింకా గట్టిగా ఉంటుంది కదా. యూసుఫ్ బావ పోయిన ఏడాదిలోపే, “అక్కా, విమానం ఎక్కుతావా?” అని నీ ముఖం చూసి ఎట్లా అడగమంటావు? అడగడమే పాపమనిపించింది. మీ ఇంట్లోవాళ్ళు కూడా ఇదే అనుకుంటున్నప్పుడు మధ్యలో నేనెవరిని?

దసరాలోగా పేర్లు ఖాయం చేయమని కంపెనీ వాళ్ళు ఒకటే ఫోన్లు. శ్రీలత పెళ్ళయిన నాటి నుంచి మరమగ్గాల చప్పుడు తప్ప ఏమీ విన్నది లేదు, చూసింది లేదు. సీటు ఖాళీ పోవడం ఎందుకని దాన్ని రమ్మన్నాను. వచ్చే ఏడు మనమిద్దరమే పోదాం. రాజన్న మీద ఒట్టు. ఆ వెలుగులు ఎక్కడికి పోతాయక్కా?

నువ్వు వేళకు తింటున్నావా? నీ కోడలు నాహీద్‌ను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
పుష్ప

———

కోరుట్ల,
సెప్టెంబరు 14.

పుష్పకు,

ఏడాది మీది. మాది నాలుగు నెలల పది రోజులు.

మనం ముగ్గురం జగిత్యాలలో ఒక గది అద్దెకు తీసుకొని ఉన్నప్పటి నుంచి ప్రతి ఈద్‌కూ మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగుతున్నావు. తాగిన ప్రతిసారీ “జీడిపప్పు తక్కువైందక్కా” అంటావు. జీడిపప్పు లెక్క తెలిసిన మనిషివి ఇది తెలుసుకోలేదు. మీ అత్త పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు, వాడకట్టు ఆడవాళ్ళందరూ పూలెత్తుకొని పోతుంటే నువ్వు ఒక్కదానివే తలుపేసుకొని ఉంటావని, నేను బస్సెక్కి వచ్చి సాయంత్రందాకా నీ దగ్గర కూర్చున్నాను. ఎందుకు వచ్చాననుకున్నావు? మీ పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకున్నాను కాబట్టి.

నవంబరులో నా ఇద్దత్ తీరుతుంది. ఫిబ్రవరిలో నేను ఎక్కడికి పోయినా, పోకపోయినా అది నా ఇష్టం. “మీకింకా గట్టిగా ఉంటుంది” అన్నావు. గట్టిగా ఉండేది నేను. దాన్ని మతం మీదికి నెట్టకు. నా దుఃఖాన్ని తీసుకుపోయి నీ పంచాంగంలో లెక్కపెట్టావు, లెక్క తప్పింది, ఇప్పుడు వచ్చే ఏడు అంటున్నావు. వచ్చే ఏటికి నా మోకాళ్ళ పూచీ ఎవరు తీసుకుంటారు? నువ్వా, రాజన్నా?

నీకు చెప్పని మాట ఒకటుంది. యూసుఫ్ రేడియో రిపేరు దుకాణంలో షార్ట్‌వేవ్ స్టేషన్ వింటూ పనిచేసేవాడని నీకు తెలుసు. కొన్ని రాత్రులు స్టేషన్ మాయమై గరగర వచ్చేది. అప్పుడు ఇంటికొచ్చి, “తాహెరా, అక్కడ నీ దీపాలు వెలిగినయి. నా స్టేషన్ పోయింది” అనేవాడు. సూర్యుడి మీద తుఫాను వస్తే రెండూ జరుగుతాయి, అది నిజమే. కానీ కోరుట్లలో వచ్చే ప్రతి గరగరకూ అదే కారణమంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇంట్లో మేము పోట్లాడుకున్నది ఎక్కువగా దాని గురించే. ఆస్పత్రిలో ఆఖరున కూడా అన్నాడు: “నువ్వు పోవాలె. నా ట్రాన్సిస్టర్ పట్టుకపో. నేనన్నది నిజమో అబద్ధమో నువ్వే తేల్చు.” తేల్చవలసిన పని నాకు అప్పగించి పోయాడు. ఆ పేరు నువ్వు తీసేశావు.

ఇంకొకటి. నీ ఉత్తరంలో ఒక వాక్యం కింద గీత గీశాను. “మీ ఇంట్లోవాళ్ళు కూడా ఇదే అనుకుంటున్నప్పుడు.” మా ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటున్నారో సిరిసిల్లలో ఉన్న నీకెట్లా తెలిసింది? కొడుకు మజర్ మస్కట్‌లో ఉన్నాడు. కోడలు నాహీద్ ఎవరికీ ఫోన్ చేసే మనిషి కాదు. మిగిలింది మనవడు ఒక్కడే.

పేరు నువ్వే రాయి.

తాహెరాబీ

———

సిరిసిల్ల,
సెప్టెంబరు 20.

అక్కా,

రాయమన్నావు, రాస్తున్నాను. ఎర్ర సిరా పక్కన పెట్టి చదువు.

ఆగస్టులో ఒకరోజు అర్బాజ్ వచ్చాడు. రుద్రంగి మీదుగా వానలో బండి మీద వచ్చి, నిలువునా తడిసి మా అరుగు మీద నిలబడ్డాడు. తువ్వాల ఇచ్చి, చాయ్ పోశాను. తల వంచుకొని అన్నాడు: “పుష్పమ్మా, దాదీ రాదు. మీరే పేరు తీసేయుండ్రి.”

“ఆమెనడిగినవా కొడుకా?”

“అడిగితె వస్తనంటది. గందుకే అడుగలే.”

నాకు నవ్వొచ్చింది. నిజమే కదా.

“నాకు జగిత్యాల సంబంధం మాట్లాడుతున్నరు,” అన్నాడు. “‘ముసలాయన పోయి ఏడాదన్న తిరగలె, ముసలామె మంచుల ఫోటోలు దిగొచ్చింది’ అంటరు వాళ్ళు. నేనేం జెప్పాలె? మీరే తీసేసిండ్రంటె దాదీ మీమీద నాల్గు దినాలు కోపం చేసి ఊకుంటది. నామీదైతె జిందగీ అంత చేస్తది.”

నా చేయి తన నెత్తిమీద పెట్టుకొని చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. పుట్టినప్పుడు నేను ఎత్తుకున్న పిల్లవాడు. అందుకే నీకు సగమే రాశాను. ఇప్పుడు ఒట్టు తప్పాను. ఆ పాపం నీదే, నాది కాదు.

ఇక మిగతా సగం. వాడు అడగగానే నేనంత తొందరగా ఎందుకు సరేనన్నానో విను. నీతో ప్రయాణమంటే నాకు భయం. అజంతా పోయినప్పుడు స్టేషన్‌లో పదిమంది చూస్తుండగా నా సంచి విప్పి, చీరలు ఎక్కువైనాయని మూడు తీసి మా ఆయన చేతికిచ్చి ఇంటికి పంపించావు. గుహలో నేను గోడ మీది బొమ్మ ముఖం చూస్తూ నిలబడితే వెనక నుంచి “ఇంకా ఎన్ని గుహలున్నాయో తెలుసా?” అన్నావు. నేను రాసిన ఉత్తరాలు తప్పులు దిద్ది నాకే తిరిగి పంపించావు. ఏ ఆడదైనా స్నేహితురాలికి అట్లా చేస్తుందా? ఆ వెలుగుల కింద నిలబడి ఒక్కసారి నోరు తెరిచి ‘అబ్బా’ అనాలని ఉంది నాకు. నువ్వు పక్కనుంటే “అబ్బా కాదు, ఆక్సిజన్. అందుకే ఆకుపచ్చ” అంటావు.

శ్రీలతతో అయితే నవ్వుకుంటూ పోవచ్చనుకున్నాను. నిన్ను అడగకపోవడం తప్పే. ఒప్పుకుంటాను. కానీ అర్బాజ్ పోయాక నాకు ఊపిరి తేలికైంది, అదీ నిజమే. కోపం నీ ఒక్కదాని సొత్తు కాదు.

పుష్ప

———

కోరుట్ల,
సెప్టెంబరు 27.

పుష్పకు,

నీ ఉత్తరం చదివాను. తప్పులు దిద్దలేదు. రెండున్నాయి.

అన్నాలయ్యాక అర్బాజ్‌ను పిలిచి కూర్చోబెట్టాను. మేము మాట్లాడుకున్నది ఉర్దూలో, నీకు తెలుగులో రాస్తున్నాను.

“సిరిసిల్లకు ఎందుకు పోయినవు?”

“బట్టలకు.”

“ఏం బట్టలు తెచ్చినవు?”

బట్టల మాట వదిలేసి అన్నాడు: “నీ ఇజ్జత్ కోసమే దాదీ.”

“నా ఇజ్జత్ నీ జేబుల ఎప్పుడు పెట్టిన్రా?”

“లోకం ఊకుంటదా?”

“మీ దాదా పొమ్మన్నడు. నువ్వు ఆయనకంటె పెద్దోనివైనవా?”

“దాదాకేంది, పొమ్మని తను పోయిండు. మాటలు పడేది మేము.”

ఆ మాటకు నా చేయి లేచింది. ఎన్నడూ లేవని చేయి. వంటింటి గుమ్మంలో నుంచి నాహీద్ మాట్లాడకపోతే కొట్టేదాన్నే. నాహీద్ గొంతు మా ఇంట్లో గోడలకు కూడా సరిగా తెలియదు. కొడుకుతోనే అంది: “మీ అబ్బా మస్కట్ పోయినప్పటిసంది నేను గీ గడపలనే ఉన్న. ఉన్నందుకు లోకం నాకేమిచ్చింది? అమ్మీని పోనీయి.” అని లోపలికి పోయి గిన్నెలు తోముకుంది.

మరునాడు జగిత్యాల వాళ్ళకు నేనే ఉత్తరం రాశాను: ఫిబ్రవరిలో నేను నార్వే పోతున్నాను, అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి, నిఖా అయ్యాక చెప్పవద్దు. అర్బాజ్‌కు చదివి వినిపించి మరీ పోస్టు చేయించాను. వాడు ఆ పూట అన్నం తినలేదు. తినకపోతే మానె.

ఇక నువ్వు. నాతో ప్రయాణం భయమన్నావు. మంచిది. సాయమ్మతో చెప్పాను, అదే గుంపులో నాలుగో సీటు నాకు తీసుకొమ్మని. శ్రీలత తన చోటు వదలనక్కరలేదు. బూట్లు కొనుక్కున్న పిల్లను ఆపడం నా పద్ధతి కాదు. నేను నీ పక్కన కూర్చోను. నీ సంచి ముట్టను. నీతో మాట్లాడను. ‘అబ్బా’ అనుకో, ‘అయ్యా’ అనుకో.

అజంతాలో ఆ రోజు ఆఖరి బస్సు పోయేది. అందుకే తొందరపెట్టాను. ఆ రాత్రి నువ్వు మంచం మీద పడుకున్నావు కదా, బస్సు అందినందుకే.

ఉత్తరాలు ఇంతటితో చాలు.

తాహెరాబీ

———

జగిత్యాల,
డిసెంబరు 18.

తాహెరక్కకు, పుష్పకు, ఇద్దరికి కలిపి సాయమ్మ రాసేది ఏమనగా,

ఒక్కటే ఉత్తరం రాసి జిరాక్స్ తీపిచ్చి ఇద్దరికి పంపుతున్న. మీతోని వేరువేరుగ మాట్లాడి నా నోరు పడిపోయింది. హైదరాబాద్ వీసా ఆఫీసుల చెరొక గోడ చూసుకుంట కూసున్నరు. నడుమ నేను. ఆ పిల్ల వేలిముద్రలు తీసుకుంట “మీరందరు ఫ్రెండ్సా ఆంటీ?” అన్నది. ఇద్దరు నా దిక్కే చూసిండ్రు. సిగ్గుపోయింది.

ఇప్పుడు వినుండ్రి. కంపెనీవాళ్ళు నలుగురికి రెండు గదులిస్తరట. శ్రీలత గురక పెడ్తది. నేను దవాఖానల పండుకున్నదాన్ని, నాకు గురకలు జోలపాట. మీరిద్దరు ఒక గదిల ఉండుండ్రి. మాట్లాడకుంటె మాట్లాడకుండ్రి, తలుపైతె వేసుకోండ్రి, అక్కడ చలి.

తాహెరక్కా, నీకొక్కదానికే చెప్పాల్సిన ముచ్చట ఇది, కాని జిరాక్స్ కాబట్టి పుష్పకు కూడ తెలుస్తది. తెలువనీ. నీ ఉత్తరానికి జగిత్యాలవాళ్ళు జవాబియ్యలేదు కదా. వాళ్ళు పిల్లను మెట్‌పల్లి పిల్లగానికి ఖాయం చేసిండ్రు. అర్బాజ్‌కు మొన్ననే ఎరికైందట. నీమీద కోపం మీదున్నడట. నేనే ఫోన్ చేస్తె నాహీద్ చెప్పింది.

ఉన్ని సాక్సులు మూడు జతలు తెచ్చుకోండ్రి.

సాయమ్మ

———

ట్రోమ్సో, నార్వే.
కిటికీ వైపు మంచం.
ఫిబ్రవరి 9, 2026.

తలుపు వైపు మంచం మీద ఉన్న పుష్పకు,

మాట్లాడనన్నాను కాబట్టి రాస్తున్నాను. నీ తడి సాక్సులు నా తువ్వాల మీద ఆరేశావు. తీసెయ్. పొద్దున నీ పచ్చడి డబ్బా మూత సరిగా పెట్టలేదు, గదంతా చింతకాయ వాసన. నాకేమీ అభ్యంతరం లేదు, హోటల్ వాళ్ళకుంటుంది.

వచ్చినప్పటి నుంచి మబ్బే. ఈ రాత్రి విడుస్తుందని కంపెనీ పిల్ల అంటోంది. రోజూ అదే అంటోంది.

శంషాబాద్ దాకా కారు నడిపింది అర్బాజ్. కోరుట్లలో ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఒక్క మాట లేదు. డిసెంబరు నుంచి అంతే. సంబంధం తప్పింది నా ఉత్తరం వల్లేనంటాడు. అవును, దానివల్లే. అడగకుండా ఊరుకుంటే ఖాయమయ్యేదేమో. ఒక ముసలిదాని ప్రయాణానికి ఆగిపోయే పెళ్ళి ముందే ఆగడం మంచిదని నేను; అది తేల్చవలసింది తానని వాడు. ఆ ఉత్తరం రాసేముందు నేనూ వాణ్ణి అడగలేదు. వాడు పెట్టె దించి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఇప్పుడు యూసుఫ్ ట్రాన్సిస్టర్ బయటికి తీశాను. జూలై నుంచి ఎవరూ ముట్టుకోలేదు, మోగదనుకున్నాను. స్విచ్ తిప్పితే మోగింది. వెనక మూత తీస్తే లోపల కొత్త సెల్లులు. నేను వేయలేదు. ఆ మూత ఊడతీయడం నాహీద్‌కు రాదు.

నీకెందుకు రాస్తున్నానో తెలియదు. చదివి చించెయ్.

తాహెరాబీ

———

తలుపు వైపు మంచం.
అదే రోజు.

అక్కా,

సాక్సులు తీశాను. మూత బిగించాను. ఉత్తరం చించను.

నాకు మోకాళ్ళ నొప్పుల గోలీ వేసుకుంటే మొద్దునిద్ర వస్తుంది. ఈ రాత్రి వెలుగు కనబడితే నన్ను లేపు. మాట్లాడకుండానే లేపవచ్చు. లేపకుండా పోయి చూసి వచ్చావో, ఈసారి జన్మంతా కోపం నాది.

పుష్ప

———

కోరుట్ల,
ఫిబ్రవరి 17.

పుష్పకు,

శివరాత్రి జాగారం చేసి ఇప్పటికి లేచి ఉంటావు. ఇంట్లో అడిగినవాళ్ళకు నువ్వు ఏమేమి కలిపి చెబుతున్నావో సాయమ్మ ఫోన్లో చెప్పింది. జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

నిన్ను నేను లేపాను. దుప్పటి లాగాను. నువ్వు “ఎవరు చచ్చిండ్రు?” అంటూ లేచావు. బయటికి పోయేసరికి కొండ మీద తెల్లటి పొగలాంటిది అడ్డంగా ఉంది, అంతే. “గిదేనా?” అంది శ్రీలత. సాయమ్మ కాళ్ళు గడ్డకట్టాయని వెనక్కి తిరిగింది. నేను నిలబడమన్నాను. గట్టిగానే అన్నాను. ముగ్గురూ నన్ను తిట్టుకుంటూ నిలబడ్డారు. కాబట్టి “మేం ఊకనే నిలబడి చూసినం” అని చెప్పకు.

తరువాత ఆ పొగ ఆకుపచ్చగా మారి, కదిలి, నెత్తిమీదికి వచ్చింది. మగ్గం మీద నుంచి బట్ట జారినట్టుందని శ్రీలత అంది. నువ్వు నోరు తెరిచి “అబ్బా” అన్నావు. అని, నా వైపు చూశావు. ఆక్సిజన్ అని నా నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇది మాత్రం ఎవరికీ చెప్పవు నువ్వు.

ట్రాన్సిస్టర్ పెట్టాను. ముల్లు ఇటు నుంచి అటు తిప్పాను. ఒక్క స్టేషన్ లేదు. గరగర. “బావ మాట నిజమేనక్కా” అన్నావు. అది రుజువు కాదు, ఇక్కడ ఏ రోజు పెట్టినా గరగరే రావచ్చు అన్నాను. అయిదు నెలల తరువాత నీ ఒక్కదానితో మాట్లాడిన మొదటి మాట అది. ఆ మాట నేను యూసుఫ్‌తో అనవలసింది. ఆయనైతే తెల్లవారేదాకా వాదించేవాడు. నువ్వు వాదించలేదు. గ్లౌజు తీసి నా చేయి పట్టుకున్నావు. ఆ చలిలో గ్లౌజు తీయడం బుద్ధితక్కువ పని. నేనూ తీశాను.

అందుకని నీమీద కోపం పోయిందనుకోకు. నా పేరు నువ్వు తీసేశావు. అది ఉంది.

శంషాబాద్‌కు అర్బాజ్ వచ్చాడు. పెట్టె కారులో పెట్టాడు. మౌనంగానే నడిపాడు. ఎవరి పట్టు వాళ్ళది. జగిత్యాల దాటి నేను పాఠాలు చెప్పిన పాత బడి ముందు బండి ఆపాడు. ఇంజన్ బందు చేశాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, ముందుకే చూస్తూ అడిగాడు: “గరగర వచ్చిందా దాదీ?”

“వచ్చింది,” అన్నాను.

“సెల్లులు బాగ పనిచేసినయా?” అని కూడా అడిగాడు.

ఎల్లుండి నుంచి రంజాన్. ఈద్‌కు నువ్వూ, సాయమ్మా రండి. శ్రీలతను కూడా తీసుకురా. వచ్చేటప్పుడు జీడిపప్పు తెచ్చుకో. ఎంత తేవాలో నీ అంతట నువ్వు లెక్క వేసుకోకు. నన్నడుగు.

తాహెరాబీ